కర్నల్‌గారితో చుట్టరికం

రెండువేల తొమ్మిది వేసవిలో మా ఇంట్లో ఒక ఇటాలియన్ కర్నల్ మకాం పెట్టాడు. ఆయన పోయి అప్పటికి యాభై ఏళ్ళు. అయినా పొద్దున కాఫీ దగ్గర ఆయనే, మధ్యాహ్నం ఫోన్‌లో ఆయనే, సాయంత్రం నేను హాస్పిటల్ ల్యాబ్ నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి గుమ్మంలోనూ ఆయనే. "పద్మా, ఇవాళ కర్నల్‌గారు ట్రిపోలీ రేవులో దిగారు" అనేవారు మా ఆయన. దిగితే దిగారు గానీ మీరు మందు వేసుకున్నారా అని అడిగేదాన్ని. వేసుకుని ఉండేవారు కాదు.

మా ఆయన పేరు ఆంజనేయప్రసాద్. న్యూజెర్సీలో ముప్పై అయిదేళ్ళు ఎముకల డాక్టరుగా పనిచేశారు. ఆ ఏడు జనవరిలో కుడిచేతికి వణుకు మొదలైంది. మొదట కాఫీ కప్పు దగ్గర, తర్వాత సంతకం దగ్గర. ఆపరేషన్ థియేటర్ దాకా రానివ్వకుండా ఆయనే ఉద్యోగం మానేశారు. అది మంచిపనే. కాదనను. కానీ ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిని ఇరవైనాలుగు గంటలూ ఇంట్లో భరించడం నా వల్ల కాలేదు. డిపార్ట్‌మెంట్ చీఫ్ పదవి తనను దాటవేసి రెండుసార్లు తనకంటే చిన్నవాళ్ళకు ఇచ్చారన్న కోపం ఆయనకు ఎప్పటినుంచో ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ కోపానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఆ కోపమంతా డిష్‌వాషర్ మీద చూపించేవారు. నేను సర్దిన గిన్నెలన్నీ బయటికి తీసి, ఇలా కాదని మళ్ళీ సర్దేవారు. దూరంగా బాతెల్ అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి శ్రీలేఖకు ఫోన్ చేసి మొత్తుకున్నాను. "అమ్మా, నాన్నకి ఒక హాబీ కావాలి, దట్సాల్" అని తేల్చేసింది.

ఆ హాబీ కంచె దారిన వచ్చింది. ఏప్రిల్‌లో గాలివానకు మా మేపుల్ చెట్టు కొమ్మ విరిగి పక్కింటి కంచె మీద పడింది. పక్కింట్లో తెరెసా అనే ఇటాలియన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఎనభై నాలుగేళ్ళు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నా ఆవిడ టమాటాలు ఇవ్వడం, నేను గారెలు ఇవ్వడం తప్ప మా మధ్య పెద్దగా మాటల్లేవు. కంచె బాగుచేయించే సంగతి మాట్లాడి వస్తానని వెళ్ళిన మనిషి భోజనాల వేళ దాటినా రాలేదు. వచ్చేసరికి ముఖం కళకళలాడుతోంది. కంచె సంగతి ఏమైందంటే, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది విను, వాళ్ళ నాన్న యోల్‌లో ఉన్నాడట అన్నారు.

యోల్ అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఆఫ్రికాలో పట్టుకున్న ఇటాలియన్ ఆఫీసర్లను తెచ్చి అక్కడ క్యాంపులో పెట్టారు. మా మామగారు ఆ రోజుల్లో సైన్యంలో డాక్టరు. ఒక ఏడాది అక్కడ పనిచేశారు. ఎవరో ఇటాలియన్ కర్నల్‌కు కాలి మీద సెగ్గడ్డ కోసి కట్టుకట్టాననీ, ఆయన కన్నీళ్ళు పెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడనీ పిల్లలకు చెబుతుండేవారు. ఆ కర్నల్ పేరు మాత్రం ఆయనకు ఎన్నడూ గుర్తుకు రాలేదు.

మనవాళ్ళ సంగతి చెప్పాలా? కొత్త మనిషి కనబడితే చాలు, ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు అంటూ మొదలుపెడతాం. మూడో ప్రశ్నకల్లా ఏదో ఒక వేలువిడిచిన మేనమామ తేలాల్సిందే. తేలకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటూ కూడా మా ఆయన ఇద్దరు ముగ్గురు బంధువులను సంపాదించారు. ఈసారి ఏకంగా ఇటలీ దాకా వెళ్ళారు. మా మామగారు కట్టుకట్టిన కర్నల్ తెరెసా తండ్రేనని తీర్మానం చేశారు.

"ఆ క్యాంపులో వేలమంది ఆఫీసర్లు ఉండేవాళ్ళని మీరేగా చెప్పారు. ఈయనే అని ఎలా అంటారు?" అన్నాను.

"ఈయనకు కాలి మీద మచ్చ ఉండేదట."

"అయిదు యుద్ధాలు చేసినవాడికి కాలి మీద మచ్చ ఉండక ఏం చేస్తుందండీ?"

ఆయనకు ఆ మాట వినిపించలేదు. వినదలుచుకోని మాటలు ఆయనకు వినిపించవు.

కర్నల్‌గారి పేరు ఆల్దో ఫెర్రాంతి. పార్మా దగ్గర ఒక పల్లె. ఫిరంగి దళంలో చేరి ఇరవై ఒకటో ఏట లిబియా వెళ్ళి టర్కీవాళ్ళతో పోరాడాడు. ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునేలోపే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇసోంజో నది పక్కన రాతికొండల్లో ఏళ్ళకేళ్ళు గడిపి, కాలిలో ఇనుప ముక్కతో బయటపడ్డాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, తెరెసా పుట్టింది. పందొమ్మిదివందల ముప్పై అయిదులో అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా. ముప్పై ఏడులో స్పెయిన్. నలభైలో మళ్ళీ ఆఫ్రికా. ఈసారి ఈజిప్టు ఎడారిలో ఫిరంగులు ఇసుకలో దిగబడిపోతే, మన భారత సిపాయిల ఎదుటే చేతులెత్తి, ఓడలో బొంబాయి, రైల్లో యోల్ చేరాడు. ఇల్లు చేరేసరికి తెరెసాకు ఇరవై దాటాయి, ఆయనకు జుట్టు పూర్తిగా తెల్లబడింది. జీవితమంతా సైన్యంలో గడిపి, అయిదు యుద్ధాలు చేసి, జనరల్ కాకుండానే రిటైరయ్యాడు.

ఈ చివరి సంగతి మా ఆయన మనసులో నాటుకుపోయింది. ఎందుకు ఇవ్వలేదు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవడికి ఇచ్చారు అని రోజూ అదే గొడవ. ఆయన అడుగుతున్నది ఎవరి గురించో నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను. ఎందుకంటే డిష్‌వాషర్ జోలికి రావడం మానేశారు.

మధ్యాహ్నం కాగానే తెరెసా ఇంటి వరండాలో చేరేవారు. ఆవిడ చెప్పేది, ఈయన వినేవారు. శని, ఆదివారాల్లో ఈయన చెబుతుంటే నేను కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేసేదాన్ని. కర్నల్ జీవితాన్ని తెలుగు పుస్తకంగా తేవాలన్నది సంకల్పం. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో ఎందుకండీ అంటే, ఇంగ్లీషులో నేను కేస్ రిపోర్టులు రాస్తాను గానీ కథ రాయలేను అన్నారు. అదీ నిజమే. పూర్తయిన ప్రతి అధ్యాయాన్నీ తెరెసాకు ఇంగ్లీషులో చెప్పి వినిపించేవారు. లిబియాలో తండ్రి మొదటి ఒంటె సవారీ, స్పెయిన్ నుంచి తెచ్చిన నారింజ అంటుమొక్కలు ఊరి చలికి చచ్చిపోవడం, అన్నిటికీ ఆవిడ నవ్వేది, అక్కడక్కడా దిద్దేది.

అబిసీనియా దగ్గర మాత్రం బండి కదల్లేదు. ఆ మాట ఎత్తితే తెరెసా లేచి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళేది. తర్వాత చెబుతానంటూ స్పెయిన్‌లోకి దూకేది. మే నెలాఖరుకు పుస్తకమంతా తయారై మధ్యలో ఆ ఒక్క అధ్యాయం ఖాళీగా మిగిలింది. సరిగ్గా అప్పుడే మల్లికార్జునరావు ఫోన్ చేశాడు. మా ఊరి తెలుగు సమితికి అతను సెక్రటరీ. జులై నాలుగు సెలవుల్లో సమితి మహాసభలు. డాక్టరుగారి పుస్తకం అక్కడే ఆవిష్కరిద్దామనీ, ముఖ్య అతిథి కూడా ఒప్పుకున్నారనీ, వారంలో హైదరాబాదు ప్రెస్సుకు పంపేయాలనీ చెప్పాడు. మా ఆయన పొంగిపోయారు. ఆ ఆదివారమే అబిసీనియా అధ్యాయం మొదలుపెట్టారు.

ఏం రాశారో చెబుతాను. శత్రువులు కొండ మీద, కర్నల్‌గారి ఫిరంగులు కింద. పైనుంచి ఆజ్ఞ వస్తుంది, విషవాయువు నింపిన గుండ్లు పేల్చమని. కర్నల్‌గారు దుర్భిణి దించి, నేను సైనికుణ్ణి, హంతకుణ్ణి కాను, పేల్చను అంటారు. పై అధికారి పళ్ళు కొరుకుతాడు. ఆ రోజుతో ఆయనకు జనరల్ పదవి దూరమవుతుంది. నేను టైప్ చేయడం ఆపేశాను.

"ఇది తెరెసా చెప్పిందా?"

"చెప్పలేదు. తండ్రికి జరిగిన అన్యాయం తలుచుకోలేక చెప్పలేకపోతోంది."

"మరి మీకెలా తెలుసు?"

"మా నాన్న చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి పద్మా. అలాంటివాడు ఆ పని చేస్తాడా? ప్రమోషన్ ఎందుకు ఆగిందో దీంతో తెలియడం లేదూ?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒకసారి మనవాడు అనుకున్నామా, ఇక అంతే. వాడు తప్పు చేయడు. చేశాడన్నవాళ్ళతో మనం తగువు పెట్టుకుంటాం. కనీసం పంపేముందు ఆవిడకు చదివి వినిపించమని బతిమాలాను. టైమ్ లేదన్నారు. పుస్తకం అచ్చయ్యాక తన చేత్తో ఇచ్చి, అదే అధ్యాయం మొదట చదివి ఆవిడను ఆశ్చర్యపరచాలని ఆయన ఉద్దేశం.

జూన్ మూడోవారంలో మా చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఆవకాయ, గోంగూర రావాల్సిన సూట్‌కేసుల నిండా పుస్తకాలు వచ్చాయి. పేరు 'అయిదు యుద్ధాల వీరుడు'. అట్ట మీద హైదరాబాదు చిత్రకారుడు కర్నల్‌గారికి సినిమా జమీందారు మీసాలు పెట్టాడు. ముందుమాట రాసిన రిటైర్డ్ ప్రిన్సిపాల్‌గారు ఆయన్ని పల్నాటి వీరులతో పోల్చారు. పుస్తకం చదివినట్టు ఆనవాలు ఎక్కడా లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం తెరెసా వరండాలో కూర్చున్నాం. ఆవిడ ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. అట్ట చూసి, ఈయనెవరు అని నవ్వింది. మా ఆయన గొంతు సవరించుకుని అబిసీనియా అధ్యాయం తీసి, వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులో చెప్పసాగారు. 'నేను హంతకుణ్ణి కాను' అన్నచోట ఒక క్షణం ఆగి ఆవిడ ముఖంలోకి చూశారు. ఆవిడ చిక్కుడుకాయలు తుంచడం మానలేదు. ఆయన చివరిదాకా చదివి పుస్తకం మూశారు.

"డాక్టర్, ఇది మీకెవరు చెప్పారు?" అంది తెరెసా.

"ఎవరూ చెప్పలేదు. మీ నాన్నగారు ఎలాంటివారో నాకు తెలుసు."

"ఆయన పేల్చాడు" అందావిడ. "పేల్చమన్నారు, పేల్చాడు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అమ్మకు చెప్పాడు. నాకప్పుడు పదకొండేళ్ళు, అక్కడే ఉన్నాను. తర్వాత వెళ్ళి చూశామన్నాడు. ఏటి ఒడ్డున మనుషులూ పశువులూ కలిసి పడి ఉన్నారట. నీళ్ళు తాగడానికి వచ్చి ఉంటారు అన్నాడు. అని, ఇంకొంచెం సూప్ వెయ్యమన్నాడు."

మా ఆయన కుడిచెయ్యి పుస్తకం మీద టపటపలాడుతోంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు.

"మరి జనరల్ ఎందుకు కాలేదు?" అన్నారు. ఇంత జరిగాక ఆయన అడిగింది అదీ. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఆయన అంత మంచి ఆఫీసరు కాదు డాక్టర్. మ్యాపు చూసి దారి చెప్పలేకపోయేవాడు. స్పెయిన్‌లో మొత్తం దళాన్ని తప్పుదారి పట్టించి కొండల్లో తిప్పాడు. మంచి తండ్రి మాత్రం అవును. నాకు రోజూ జడ ఆయనే వేసేవాడు."

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు రోజూ వచ్చేవారు" అంది తెరెసా. "చెబితే మానేస్తారేమో అనుకున్నాను."

ఇంటికి రాగానే మా ఆయన మల్లికార్జునరావుకు ఫోన్ చేశారు. ఆవిష్కరణ ఆపేయండి, పుస్తకంలో పెద్ద తప్పు దొర్లింది అన్నారు. అతను ముందు నవ్వాడు. కార్యక్రమం అచ్చయిపోయిందనీ, ముఖ్య అతిథికి టికెట్ కొన్నామనీ చెప్పాడు. ఆఖరికి, పుస్తకం ఆవిష్కరించుకోవడానికి గానీ ఎవరు చదువుతారు డాక్టరుగారూ అని ఓదార్చాడు. అది ఓదార్పు అనే అతను నిజంగా అనుకున్నాడు. స్పీకర్‌లో వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ పెట్టేసి మా ఆయన పుస్తకాలన్నీ డైనింగ్ టేబుల్ మీదికి చేర్చారు. ఆ అధ్యాయం కోసి పారేద్దామన్నారు. ఆపరేషన్లు చేసే పాత కత్తి, స్కాల్పెల్, తీసి మొదటి పుస్తకం మీద పెట్టారు. ఎన్నివేల ఎముకల దగ్గర తొణకని చెయ్యి అది. కాగితం అడ్డదిడ్డంగా చిరిగింది. రెండో పుస్తకమూ అంతే. స్కాల్పెల్ టేబుల్ మీద విసిరికొట్టి, ఇది కూడా చేతకాదు నాకు అన్నారు. నేనే తీసుకుని కోయడం మొదలుపెట్టాను. నాలుగో పుస్తకం మీద ఉండగా తెరెసా పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. విరిగిన కంచె ఇంకా అలాగే ఉంది కాబట్టి చుట్టూ తిరిగి రావాల్సిన పని లేకపోయింది. చిరిగిన కాగితాలు చూసి, నేనేం చేస్తున్నానో అడిగింది. చెప్పాను.

"వద్దు పద్మా" అంది. "ఆ పేజీలు తీసేస్తే ఆయన అసలు అబిసీనియా వెళ్ళనే లేదన్నట్టు ఉంటుంది. మా దేశంలో చాలామంది అలాగే చేశారు. అంతకంటే ఈ అబద్ధమే నయం."

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నారు మా ఆయన.

"జరిగింది చెప్పండి. అక్కడ, అందరి ముందూ. ఈ దేశం వచ్చాక ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనతో కూడా. నేను పోతే చెప్పేవాళ్ళు ఉండరు. ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు. మీరు చెబుతుంటే పక్కన నిలబడతాను."

చెబుతానన్నారు మా ఆయన. మాటిచ్చినట్టు చెయ్యి చాపారు. ఆవిడ ఆ వణికే చేతిని రెండు చేతులా పట్టుకుంది.

సభల రోజు వచ్చేదాకా ఆయన అద్దం ముందు నిలబడి అవే మాటలు సాధన చేశారు. పోనీ చెప్పనిద్దాం అని నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. చీఫ్ పదవి ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆవిష్కరణ పొద్దున అన్నారు. ముఖ్య అతిథి విమానం ఆలస్యమని మధ్యాహ్నానికి మార్చారు. తర్వాత పట్టుచీరల పోటీ పొడుగైందని ఇంకా వెనక్కి నెట్టారు. తెరెసా బూడిదరంగు గౌను, ముత్యాల దండ వేసుకుని మొదటి వరుసలో నిటారుగా కూర్చుంది. భోజనంలో పులిహోర మాత్రం తిన్నది. నేను ప్రతి అరగంటకీ వెళ్ళి మల్లికార్జునరావును అడగడం, అతను ఇదిగో మేడమ్, నెక్స్ట్ మీదే అనడం. అప్పటికే నాకు విసుగు తలకెక్కింది.

చివరికి పిలిచారు. హాలంతా సంత. వెనకవైపు కుల్ఫీ దగ్గర క్యూ, మధ్య దారిలో పరుగెత్తే పిల్లలు, కుర్చీలు వెనక్కి తిప్పుకుని కబుర్లలో పడిన బంధుమిత్రులు. మల్లికార్జునరావు మైకు పుచ్చుకుని, ఇటలీ దేశపు మహావీరుడు, మన డాక్టరుగారి కుటుంబానికి ఆప్తబంధువు అని పరిచయం చేశాడు. ముఖ్య అతిథి రిబ్బన్ లాగి పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని ఫోటోకు నిలబడ్డారు. మా ఆయనకు రెండు నిమిషాలు ఇచ్చారు. తెరెసా ఆయన పక్కన నిలబడింది.

"అందరికీ నమస్కారం" అన్నారు మా ఆయన. "ఈ పుస్తకంలో నేనొక అబద్ధం రాశాను. కర్నల్ ఫెర్రాంతి విషవాయువు గుండ్లు పేల్చనన్నాడని రాశాను. అది నిజం కాదు. ఆయన పేల్చాడు. తర్వాత వెళ్ళి చూస్తే ఏటి ఒడ్డున మనుషులూ పశువులూ..."

అక్కడ గొంతు పట్టేసింది. మాట రాక ఆగిపోయారు. చెయ్యి, చేతిలో మైకు, అన్నీ వణుకుతున్నాయి. ముందువరుసలో ఎవరో పెద్దాయన కళ్ళు తుడుచుకుని చప్పట్లు మొదలుపెట్టాడు. అంతే, హాలంతా అందుకుంది. కుల్ఫీ క్యూలో ఉన్నవాళ్ళు కూడా ఇటు తిరిగి కొట్టారు. మా ఆయన గొంతు పెగల్చుకుని, నేను రాసింది అబద్ధం అని మళ్ళీ అన్నారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. మల్లికార్జునరావు మెల్లగా మైకు తీసుకుని, అదండీ డాక్టరుగారి వినయం అన్నాడు. ముఖ్య అతిథి తెరెసాకు శాలువా కప్పారు. ఇంకెవరో మా ఆయనకూ కప్పారు. ఆయన శాలువా తోసేసి మైకు కోసం చెయ్యి చాపారు. పాపం పెద్దాయన వణికిపోతున్నారనుకుని ఇద్దరు వాలంటీర్లు ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టబోయారు. ఆయన లేచారు. మళ్ళీ కూర్చోబెట్టారు.

నేను వేదిక దగ్గరికి పరుగెత్తాను.

"ఆయన మాట పూర్తి కాలేదు. మైకు ఇవ్వండి" అన్నాను.

"మేడమ్, ప్లీజ్. డాన్స్ పిల్లలు గంట నుంచి మేకప్‌తో నిలబడ్డారు" అన్నాడు మల్లికార్జునరావు. అని మైకులో, పార్కింగ్ లాట్‌లో ఎవరిదో తెల్ల వ్యాన్‌కి లైట్లు వెలుగుతున్నాయని ప్రకటించాడు. ఆ ప్రకటన మాత్రం అందరూ శ్రద్ధగా విన్నారు. నలుగురైదుగురు లేచి తాళాలు తడుముకుంటూ బయటికి నడిచారు. ఆ క్షణంలో అతని చేతిలో మైకు లాక్కుని నెత్తిన మొట్టాలనిపించింది. మర్యాద అడ్డొచ్చింది. ఆ మర్యాదను ఇప్పటికీ తిట్టుకుంటాను.

బయట బల్ల మీద పెట్టిన పుస్తకాలన్నీ గంటలో అయిపోయాయి. మా ఆయన వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పబోయారు. వాళ్ళు సెల్ఫోన్‌తో ఫోటో దిగి, మీ మాటలకు కన్నీళ్ళొచ్చాయండీ అని వెళ్ళిపోయారు. పద్ధతిగా చీర కట్టుకున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, అన్నయ్యగారు ఎంత చక్కగా మాట్లాడారు అంది. ఏం మాట్లాడారు అని అడిగాను. చక్కగా అంది.

తిరుగు దారిలో నేనే డ్రైవ్ చేశాను. తెరెసా నా పక్కన, మా ఆయన వెనక సీట్లో. సెలవుల ట్రాఫిక్, కార్లు నత్తనడక నడుస్తున్నాయి. కోపంతో నా దవడలు నొప్పి పుడుతున్నాయి. శాలువా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని తెరెసా అడిగింది.

"పద్మా, ఆయన చెప్పాడా?"

"చెప్పారు."

"అంతా?"

"ఏటి ఒడ్డు దాకా చెప్పారు. అక్కడ గొంతు పట్టేసింది."

"చప్పట్లు కొట్టింది అక్కడేనా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధాలతో అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

"అక్కడే" అన్నాను. "వాళ్ళు వినలేదు తెరెసా. అసలేం చెప్పారో ఒక్కరికీ తెలియదు."

తెరెసా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత నాతో కాదు, వెనక సీటుతో అన్నట్టుగా మొదలుపెట్టింది.

"మా నాన్న అబిసీనియా నుంచి వచ్చిన రోజు ఊరి చర్చి ముందు వేదిక కట్టారు. బ్యాండు మేళం పెట్టారు. మాట్లాడమన్నారు. ఆయనా మీలాగే ఏటి ఒడ్డు దాకా చెప్పాడు డాక్టర్. అక్కడే చప్పట్లు కొట్టారు. వాళ్ళు మాత్రం విన్నారు. ప్రతి మాటా విన్నారు."

నేను బ్రేకు మీద కాలు పెట్టాను. ముందున్న కారు ఆగి ఉంది.

"అప్పుడాయన ఏం చేశారు?" అన్నారు మా ఆయన.

"సెల్యూట్ చేసి దిగిపోయాడు."

వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది, అరిగిపోయి, కోపంగా.

"నేను దిగలేదు తెరెసాగారూ. దించేశారు."

"తెలుసు డాక్టర్" అంది తెరెసా. "నేను చూస్తూనే ఉన్నాను. మీరు చెయ్యి చాపుతూనే ఉన్నారు."